కొడుకు అడిగిన 55 వేల ఫోను: వాయిదాల మీద తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది జనగామ. నేను ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయురాలిని, మావారు కరెంటు పనులు చేస్తారు. ఇద్దరికీ కలిపి నెలకు సుమారు 40 వేలు వస్తాయి. ఇంటి అద్దె 7 వేలు, ఇంటి ఖర్చులు 14 వేలు, లక్ష రూపాయల చిట్టీకి 5 వేలు, ఈ నెల నుంచి హైదరాబాద్‌లో బీటెక్ కంప్యూటర్ సైన్స్‌లో చేరిన మా అబ్బాయి హాస్టల్‌కు 7 వేలు కడుతున్నాం. మావారి ఫోను వాయిదా 2,150 రూపాయలు ఇంకా నాలుగు నెలలు ఉంది. అబ్బాయి దగ్గరున్న మూడేళ్ల ఫోనులో బ్యాటరీ త్వరగా అయిపోతోంది, అందుకని 55 వేల ఫోను కావాలంటున్నాడు. షాపు వారు వడ్డీ లేకుండా నెలకు 4,583 చొప్పున 12 వాయిదాలు అంటున్నారు, ప్రాసెసింగ్ ఫీజు 699. ఒకేసారి కడితే 52 వేలకు ఇస్తారట. లేదంటే చిట్టీ పాడుకుని కొనమంటారా? చిట్టీలో ఏడు నెలలు అయ్యాయి, ఇప్పుడు పాట 22 వేల దాకా పోతోంది. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి ఇంటర్ ఫీజు కోసం అది దాచుకున్నాం. వచ్చే ఏడాది అబ్బాయికి విద్యారుణం కూడా తీసుకోవాలనుకుంటున్నాం. ఇంట్లో నాలుగు సిమ్ములు (మావారికి, అబ్బాయికి 349 ప్లాన్లు; నాకు, కీప్యాడ్ ఫోను వాడే మా అత్తగారికి 299 ప్లాన్లు), అబ్బాయి ఎంసెట్ చదువు కోసం పెట్టించిన, నెలకు 707 పడే ఒక బ్రాడ్‌బ్యాండ్ ఉన్నాయి.

జవాబు: అమ్మా, మీరు లెక్కలన్నీ దాచకుండా రాశారు కాబట్టి నేను కూడా నేరుగానే చెబుతాను. ఈ ఫోనును ఇప్పుడు వాయిదాల మీద తీసుకోవద్దు, చిట్టీని అసలే ముట్టుకోవద్దు. అబ్బాయికి ఫోను అవసరం లేదని నేను అనడం లేదు. ఇంటికి దూరంగా హాస్టల్లో ఉండే పిల్లవాడికి ఫోను కావాలి, అతను అడగడంలో తప్పేమీ లేదు. ఏ ధరలో, ఏ నెలలో, ఎవరి డబ్బుతో కొనాలన్నదే మనం తేల్చుకోవలసింది.

ముందుగా షాపు వారు చెప్పిన మాటను పరిశీలిద్దాం. ఒకేసారి కడితే 52 వేలు, వాయిదాల్లో అయితే 54,996 రూపాయలు, దానిపై 699 రూపాయల ఫీజు. అంటే వాయిదాల కోసం మీరు అదనంగా చెల్లించేది 3,695 రూపాయలు. ఇది 52 వేలలో 7 శాతమే కదా అనిపిస్తుంది. కానీ ఆ 52 వేలూ ఏడాది పొడుగునా మీ దగ్గర ఉండవు, ప్రతి నెలా కొంత అసలు తీరిపోతూ వస్తుంది. తీరుతున్న అసలును లెక్కలోకి తీసుకుంటే మీరు కట్టే వడ్డీ ఏడాదికి దాదాపు 13 శాతం అవుతుంది. ‘వడ్డీ లేదు’ అన్న మాట ఈ ధరల తేడాలో మాయమవుతోంది. సున్నా శాతం వడ్డీ అన్నదే లేదని, ఆ భారాన్ని ప్రాసెసింగ్ ఫీజు వంటి పేర్లతో కొనుగోలుదారుడి మీదే వేస్తున్నారని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు స్పష్టంగా రాసింది. క్రెడిట్ కార్డు మీద ఇలాంటి వాయిదాలు పెట్టుకునేవారికి మరో ఖర్చు కూడా ఉంటుంది: బ్యాంకు లెక్కగట్టిన వడ్డీ మొత్తాన్ని ధరలో తగ్గించి ఇచ్చినా, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీని మాత్రం కార్డుదారుడే కట్టాలి.

ఎవరైనా ఎప్పుడైనా ఇలాంటి అప్పు తీసుకోవలసి వస్తే, సంతకం పెట్టకముందే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే పత్రం అడిగి తీసుకోవాలి. 2024 అక్టోబరు 1 నుంచి వ్యక్తులకు కొత్తగా ఇచ్చే వాయిదా రుణాలన్నిటికీ బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు ఈ పత్రం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. అన్ని రుసుములూ కలిపి ఏడాదికి పడే అసలు రేటు ఎంతో అందులో ఉంటుంది. కౌంటరు దగ్గర నోటితో చెప్పే మాటల కన్నా ఆ ఒక్క అంకె ముఖ్యం.

అయితే మీ విషయంలో వడ్డీ కన్నా పెద్ద చిక్కు వేరే ఉంది. మీరు రాసిన ఖర్చులకు ఫోను రీఛార్జులు, బ్రాడ్‌బ్యాండ్ కలిపితే నెలకు దాదాపు 37,250 రూపాయలు అవుతుంది. మిగిలేది 2,750. నెలకు 2,750 మిగిలే ఇంట్లో 4,583 రూపాయల వాయిదా ఎలా ఇముడుతుంది? మీవారి ఫోను వాయిదా తీరేదాకా ప్రతి నెలా 1,800 రూపాయలకు పైగా తక్కువ పడుతుంది. వానాకాలంలో పనులు తగ్గి ఆయన రాబడి పడిపోతే లోటు ఇంకా పెరుగుతుంది. ఖాతాలో డబ్బు లేక వాయిదా తిరిగిపోతే ఫైనాన్స్ కంపెనీ రుసుము ఒకవైపు, బ్యాంకు రుసుము ఇంకొకవైపు పడతాయి.

అంతకన్నా నన్ను ఆందోళన పెట్టేది విద్యారుణం సంగతి. ఆ రుణంలో తల్లో తండ్రో సహ రుణగ్రహీతగా సంతకం చేయాలి, బ్యాంకు మీ ఇద్దరి రుణ చరిత్ర చూస్తుంది. ఫోను అప్పు చిన్నదే కావచ్చు, కానీ దానిలో తప్పిన వాయిదా కూడా మన అప్పుల చరిత్ర నమోదయ్యే సిబిల్ నివేదికలో ఇల్లు, బంగారం మీద తీసుకున్న అప్పుల పక్కనే కనిపిస్తుంది. లక్షల రూపాయల చదువు రుణం కోసం వెళ్లిన తల్లిదండ్రులు ఎప్పుడో కొన్న ఫోను వాయిదా గురించి బ్యాంకు మేనేజరుకు సంజాయిషీ చెప్పుకోవడం నేను కళ్లారా చూశాను. ఆ స్థితి మీకు రాకూడదని గట్టిగా కోరుకుంటున్నాను.

చిట్టీ విషయం రెండు మాటల్లో చెప్పవచ్చు. ఇప్పుడు పాడుకుంటే లక్షకు 78 వేలే చేతికి వస్తాయి. నెలనెలా వచ్చే డివిడెండులో కొంత తిరిగి వచ్చినా, 55 వేల ఫోను కోసం 22 వేలు వదులుకున్నట్లే. పైగా అది అమ్మాయి ఇంటర్ డబ్బు. పాట తక్కువకు పోయే చివరి నెలల దాకా ఆగండి.

ఇక మీరు ఉత్తరం చివర ఒక్క వాక్యంలో ప్రస్తావించి వదిలేసిన సిమ్ములు, బ్రాడ్‌బ్యాండ్ దగ్గరకు వద్దాం, ఎందుకంటే మన డబ్బు అక్కడే ఉంది. మీ వివరాల ప్రకారం రెండు సిమ్ములకు 349, రెండింటికి 299 చొప్పున 28 రోజులకు 1,296 రూపాయలు అవుతోంది. 28 రోజుల ప్లాను అంటే ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు రీఛార్జులు. అంటే 16,848 రూపాయలు. బ్రాడ్‌బ్యాండుకు జీఎస్టీతో కలిపి నెలకు 707 చొప్పున మరో 8,484. మొత్తం ఏడాదికి 25,332 రూపాయలు! మీ ఇంట్లో ఏ ఫోను ఖరీదూ ఇంత ఉండదని నా అంచనా. 2019 డిసెంబరు, 2021 నవంబరు, 2024 జూలై నెలల్లో టెలికాం కంపెనీలు వరుసగా ధరలు పెంచాక ఈ ఖర్చు కిరాణా సరుకుల ఖర్చులాగా మారిపోయింది, కానీ చాలా కుటుంబాలు దాన్ని ఇంకా చిల్లర ఖర్చుగానే చూస్తున్నాయి.

మీ అత్తగారు కీప్యాడ్ ఫోను వాడుతున్నారని రాశారు. ఆ ఫోనుకు రోజుకు ఒకటిన్నర జీబీ డేటా ఉన్న 299 ప్లాను వేయడంలో అర్థం లేదు. డేటా అక్కర్లేని వారికి కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్లాన్లు విడిగా ఇవ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో నిబంధన తెచ్చింది, 2025 జనవరిలో కంపెనీలు వాటిని విడుదల చేశాయి. అప్పుడు 84 రోజుల ప్లాను సుమారు 450 నుంచి 470 రూపాయల దాకా ఉంది. మీరు అదే 84 రోజులకు 897 కడుతున్నారు. యాప్ తెరవగానే కనిపించే ప్లాన్లలో ఇది సాధారణంగా ఉండదు, కిందికి జరుపుతూ వెతకాలి, లేదా దుకాణదారుణ్ణి ‘డేటా లేని ప్లాను’ అని అడగాలి.

బ్రాడ్‌బ్యాండును అబ్బాయి ఎంసెట్ చదువు కోసం పెట్టించామన్నారు. అబ్బాయి ఇప్పుడు హాస్టల్లో ఉన్నాడు. మీ ఫోనులో రోజుకు ఒకటిన్నర జీబీ, మీవారి ఫోనులో 2 జీబీ ఉండగా, అమ్మాయి పాఠాల వీడియోలకు హాట్‌స్పాట్ సరిపోతుంది. ఇంట్లో వైఫై ఉంచుకుని ఫోన్లకు చిన్న ప్లాన్లు వేసుకోవచ్చు, లేదా ఫోన్లకు పెద్ద ప్లాన్లు వేసుకుని వైఫై తీసేయవచ్చు. రెండింటికీ డబ్బు కట్టడం మాత్రం వద్దు. మీ ఇంటి పరిస్థితికి వైఫై తీసేయడమే లాభం. ఈ రెండు మార్పులతో నెలకు దాదాపు 850 రూపాయలు మిగులుతాయి.

అబ్బాయి 349 ప్లానును మాత్రం తగ్గించవద్దు. 2024 జూలై ధరల పెంపు తర్వాత జియో, ఎయిర్‌టెల్ రెండూ పరిమితి లేని 5జీని ప్రధానంగా రోజుకు 2 జీబీ, అంతకు మించిన ప్లాన్లకే పరిమితం చేశాయి. హాస్టల్లో వైఫై సరిగా లేకపోతే అతని చదువు దాని మీదే నడుస్తుంది. అతని గదిలో ఇప్పుడున్న నెట్‌వర్క్ అందకపోతే రెండో సిమ్ము కొననీయకండి, ఏడాదికి మరో నాలుగు వేల ఖర్చు అది. గదిలో స్నేహితుల ఫోన్లలో ఏ నెట్‌వర్క్ బాగా అందుతోందో చూసుకుని, 1900 నంబరుకు పోర్ట్ సందేశం పంపి అదే నంబరుతో కంపెనీ మారవచ్చు. బ్యాంకు ఖాతా, ఆధార్, యూపీఐ అన్నీ ఆ నంబరుతోనే కొనసాగుతాయి.

ఇప్పుడు ఫోను దగ్గరకు వద్దాం. అబ్బాయి దగ్గరున్న మూడేళ్ల ఫోనులో ఇబ్బంది బ్యాటరీ త్వరగా అయిపోవడమేనని రాశారు. కంపెనీ సర్వీసు సెంటరులో బ్యాటరీ మార్పించండి. మూడేళ్లు రోజూ ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీ సామర్థ్యం తగ్గడం సహజం, అది ఫోను పాడైనట్టు కాదు. ఆ ఫోనుతో జనవరి దాకా నడిపించమని అడగండి. నెలకు మిగిలే 2,750కి ఈ 850 కలిపితే 3,600. సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా నాలుగు నెలల్లో 14,400 అవుతాయి, బ్యాటరీ ఖర్చు అందులోంచే తీసుకోండి. డిసెంబరుతో మీవారి ఫోను వాయిదా తీరిపోతుంది గనుక జనవరిలో ఒక్క నెలలోనే 5,750 మిగులుతాయి. సంక్రాంతి సెలవులు ముగిసి జనవరి నెలాఖరు అయ్యేసరికి, బ్యాటరీ ఖర్చు పోగా కూడా, 18 వేలకు తక్కువ కాకుండా మీ చేతిలో ఉంటాయి. ఆ డబ్బుతో, అప్పు లేకుండా ఫోను కొనండి.

ఆ ధరలో మంచి 5జీ ఫోను దొరుకుతుందా అన్న సందేహం మీకు రావచ్చు. దొరుకుతుంది. కొనేటప్పుడు కెమెరా మెగాపిక్సెళ్ల కన్నా, భద్రతా అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తామని కంపెనీ రాతపూర్వకంగా చెప్పిందో చూడండి. అప్‌డేట్లు ఆగిపోయిన ఫోనులో కొన్నాళ్లకు బ్యాంకు యాప్‌లు నమ్మకంగా వాడలేం. 2024లో సామ్‌సంగ్ 20 వేల లోపు ధర ఉన్న గెలాక్సీ ఏ16 5జీకి ఆరేళ్ల అప్‌డేట్లు ప్రకటించింది. అంటే ఎక్కువ ఏళ్లు నడిచే ఫోను కావాలంటే 55 వేలు పెట్టనక్కర్లేదు. నాలుగేళ్ల బీటెక్ పూర్తయ్యేదాకా అప్‌డేట్లు వచ్చే ఫోను చాలు. షాపులో తెర పగలకుండా రక్షణ ప్లాను అంటూ మరో వెయ్యో పదిహేను వందలో కలపబోతే వద్దనండి. ఆ డబ్బుతో మంచి కవరు, టెంపర్డ్ గ్లాసు కొనుక్కుని ఇంకా మిగుల్చుకోవచ్చు. వాడిన ఫోను కొనాలనుకుంటే స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ నొక్కి ఫోను గుర్తింపు సంఖ్య అయిన పదిహేను అంకెల ఐఎంఈఐ నంబరు తెలుసుకుని, కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో అది దొంగిలించిన ఫోను కాదని చూసుకున్నాకే డబ్బు ఇవ్వండి.

కంప్యూటర్ సైన్స్ విద్యార్థికి అసలు పెట్టుబడి ల్యాప్‌టాప్. ప్రోగ్రామింగ్ అభ్యాసం ఎంత ఖరీదైన ఫోనులోనూ సాగదు. కోర్సుకు అవసరమైన కంప్యూటర్ ఖరీదును విద్యారుణంలో కలుపుకోవడానికి బ్యాంకులు అనుమతిస్తాయి, ఫోనును అలా కలపవు. రుణానికి దరఖాస్తు చేసేటప్పుడు కళాశాల నుంచి తీసుకునే ఖర్చుల అంచనా పత్రంలో ల్యాప్‌టాప్ కూడా రాయించండి. మొదటి సెమిస్టర్ కళాశాల ల్యాబ్‌తో గడిచిపోతుంది, తొందర అక్కర్లేదు. ఈ సంగతి అబ్బాయికి మీరే చెప్పండి, నెలసరి లెక్కల కాగితం అతని ముందు పెట్టి చెప్పండి. పద్దెనిమిదేళ్ల పిల్లవాడు ‘డబ్బు లేదు’ అన్న మాటను నమ్మకపోవచ్చు, కానీ ఇంట్లో నెలకు 2,750 మిగులుతోందన్న అంకెను అర్థం చేసుకుంటాడు. ఫిబ్రవరి నుంచి మీకు మిగిలే 5,750 రూపాయలను మరో వాయిదాకు అప్పగించక, మూడు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా డబ్బు కూడేదాకా వేరే ఖాతాలో వేయండి. ఈ పని గత ఏడాదే మొదలు కావలసింది, ఇప్పటికైనా ఆలస్యం చేయకండి.

డిసెంబరులో మీవారి ఫోను చివరి వాయిదా కట్టగానే ఫైనాన్స్ కంపెనీ నుంచి బాకీ లేదన్న పత్రం తీసుకోండి. రెండు నెలల తర్వాత, ఏడాదికి ఒకసారి ఉచితంగా ఇచ్చే రుణ నివేదికను ఇద్దరి పేరా తెప్పించుకుని, ఆ ఖాతా మూసివేసినట్టు అందులో నమోదైందో లేదో చూడండి. కాకపోతే ఆ పత్రం జతచేసి సరిచేయించుకోండి, ఆ తర్వాతే విద్యారుణం దరఖాస్తు పెట్టండి.