రాష్ట్ర కోర్టు నుంచే దేశానికి దారి చూపిన న్యాయమూర్తి

ప్రశ్న: అమెరికాలో కేంద్ర సుప్రీంకోర్టుకు వెళ్లకుండా, రాష్ట్ర న్యాయస్థానంలోనే ఉండి దేశమంతటి చట్టాన్ని ప్రభావితం చేసిన న్యాయమూర్తులు ఉన్నారా?
– న్యాయశాస్త్ర విద్యార్థిని, గుంటూరు

జవాబు: ఉన్నారు. నా దృష్టిలో వారిలో అగ్రగణ్యుడు కాలిఫోర్నియాకు చెందిన రోజర్ ట్రేనర్. 1900లో యూటా రాష్ట్రంలోని పార్క్ సిటీ అనే గనుల పట్టణంలో పుట్టిన ఆయన బర్క్‌లీలో చదివి, అక్కడే న్యాయశాస్త్రం బోధించారు. 1940లో గవర్నర్ ఓల్సన్ రాష్ట్ర సుప్రీంకోర్టుకు నియమించేనాటికి ఆయనకు న్యాయమూర్తిగా అనుభవం లేదు.

శీతల పానీయం సీసా చేతిలోనే పేలి ఒక హోటల్ ఉద్యోగిని గాయపడిన కేసులో, తయారీదారు నిర్లక్ష్యాన్ని బాధితురాలు రుజువు చేయనక్కర లేదనీ, లోపమున్న వస్తువును అమ్మినందుకే అతడు బాధ్యత వహించాలనీ 1944లో ఆయన విడిగా రాశారు. అప్పుడు ఆ వాదనతో తక్కిన న్యాయమూర్తులు కలిసిరాలేదు. పంతొమ్మిదేళ్ల తరువాత, 1963లో, గ్రీన్‌మన్ కేసులో అదే సూత్రాన్ని కోర్టంతా ఏకగ్రీవంగా అంగీకరించగా, ఆ తీర్పును రాసిన చేయి కూడా ఆయనదే; తరువాత అనేక రాష్ట్రాలు ఆ బాటనే పట్టాయి.

అంతకన్నా సాహసోపేతమైనది 1948 నాటి పెరెజ్ తీర్పు. తెల్లజాతివారు ఇతర జాతులవారిని పెళ్లాడరాదన్న రాష్ట్ర చట్టాన్ని 4–3 ఆధిక్యంతో కోర్టు కొట్టివేసినప్పుడు ప్రధాన అభిప్రాయం రాసినది ట్రేనరే. దేశ సుప్రీంకోర్టు ఆ మాట చెప్పడానికి 1967 దాకా పట్టింది.

1964 నుంచి 1970 వరకు ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న ట్రేనర్ 1983లో మరణించారు. మీరు ముందుగా పెరెజ్ తీర్పు చదవండి.