రెండో మానిటర్‌లో ‘నో సిగ్నల్’ ఎందుకు?

ప్రశ్న: నా డెస్క్‌టాప్‌కి ఒక మానిటర్ ఉంది, మొన్న ఇంకొకటి తెచ్చుకున్నాను. సీపీయూ వెనకాల పైభాగంలో ఖాళీగా కనిపించిన హెచ్‌డీఎంఐ పోర్టులో కేబుల్ పెడితే కొత్త దాంట్లో ‘నో సిగ్నల్’ అని వస్తోంది. కింద ఉన్న పోర్టుకి పెట్టిన పాత మానిటర్ మాత్రం బాగానే పనిచేస్తోంది. కేబుల్ మార్చి చూసినా అంతే. మానిటర్ వెనక్కి ఇచ్చేయమంటారా?

జవాబు: అప్పుడే ఇవ్వకండి. పైన ఒక పోర్టు, కింద ఒక పోర్టు అన్నారు చూడండి, అసలు సంగతి అక్కడే ఉంది. పైన కీబోర్డు, మౌస్ పెట్టే యూఎస్‌బీ పోర్టుల పక్కన ఉండేది మదర్‌బోర్డ్ (లోపలి భాగాలన్నీ కలిసే ప్రధాన బోర్డు) హెచ్‌డీఎంఐ. కింద అడ్డంగా ఒకే వరసలో ఉండేవి గ్రాఫిక్స్ కార్డ్ (తెర మీద బొమ్మ తయారుచేసే విడి కార్డ్) పోర్టులు. మదర్‌బోర్డ్ పోర్టుకి బొమ్మ అందించాల్సింది ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్, కానీ కంప్యూటర్‌లో విడిగా కార్డ్ ఉంటే చాలా బోర్డులు దాన్ని వాటంతట అవే ఆపేస్తాయి. కొన్ని ప్రాసెసర్లలో అయితే అసలు గ్రాఫిక్సే ఉండదు. ఇంటెల్‌లో 12400ఎఫ్ లాగా చివర ఎఫ్ ఉన్నవి, ఏఎండీలో రైజెన్ 5600ఎక్స్ లాంటివి ఆ రకమే, వాటితో ఆ పైపోర్టు ఎప్పటికీ పనిచేయదు.

కాబట్టి రెండు కేబుళ్లూ కింద గ్రాఫిక్స్ కార్డ్‌కే పెట్టండి. అక్కడ హెచ్‌డీఎంఐ ఒక్కటే ఉండి అది పాత మానిటర్‌కి పోయిందంటే, దాని పక్కనే ఒక మూల కోసినట్టుండే డిస్‌ప్లే పోర్టులు ఉంటాయి, వాటిలో ఒకటి వాడండి. మానిటర్‌కి కూడా డిస్‌ప్లే పోర్ట్ ఉంటే మామూలు కేబుల్ చాలు, లేకపోతే డిస్‌ప్లే పోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే కేబుల్ తీసుకోండి. కొనేటప్పుడు ఒక్కటి మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి, ఆ కేబుల్‌ని తిప్పి పెడితే, అంటే కంప్యూటర్ వైపు హెచ్‌డీఎంఐ, మానిటర్ వైపు డిస్‌ప్లే పోర్ట్ పెడితే పనిచేయదు. దానికి కరెంటు తీసుకునే వేరే కన్వర్టర్ కావాలి. చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. ఇంకో మాట, డిస్‌ప్లే పోర్ట్ కేబుల్‌కి చిన్న కొక్కెం ఉంటే దాని బటన్ నొక్కకుండా లాగొద్దు, పోర్టు పాడవుతుంది.

ఇంత చేశాక కూడా నో సిగ్నలే వస్తుంటే మానిటర్ మీదున్న బటన్లతో ఇన్‌పుట్ సరైన పోర్టుకి మార్చండి. తర్వాత విండోస్ కీ, పీ కలిపి నొక్కి ‘ఎక్స్‌టెండ్’ (రెండు తెరలనూ కలిపి ఒకే పెద్ద తెరలా వాడుకోవడం) ఎంచుకోండి. మౌస్ కుడివైపు పోవాల్సింది ఎడమవైపు పోతుంటే డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 1, 2 అని కనిపించే పెట్టెలను మీ టేబుల్ మీద మానిటర్లు ఉన్న వరసలోకి జరపండి.

కార్డ్‌లో పోర్టులన్నీ నిండిపోయి, మీ ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉంటే, అప్పుడు మాత్రం బయాస్‌లోకి (విండోస్ మొదలయ్యే ముందు తెరిచే మదర్‌బోర్డ్ సెట్టింగ్స్) వెళ్లి ‘ఐజీపీయూ మల్టీ మానిటర్’ లాంటి ఆప్షన్ ఆన్ చేయండి, పేరు బోర్డుని బట్టి మారుతుంది. అది ఆన్ చేశాక మదర్‌బోర్డ్ పోర్టు కూడా పనిచేస్తుంది.

ప్రశ్న: 144 హెర్ట్జ్ మానిటర్ కొన్నాను, పాతదానికీ దీనికీ తేడా ఏమీ కనిపించడం లేదు. మోసపోయానా?

జవాబు: లేదు, హెర్ట్జ్ అంటే తెర మీద బొమ్మ సెకనుకి ఎన్నిసార్లు మారుతుందో ఆ లెక్క, దాన్నే రిఫ్రెష్ రేట్ అంటారు. చాలాసార్లు విండోస్ దాన్ని 60 దగ్గరే ఉంచేస్తుంది. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళ్లి, ఆ మానిటర్‌నే ఎంచుకుని, రిఫ్రెష్ రేట్ 144కి మార్చండి. ఆ అంకె అక్కడ లేకపోతే కేబుల్‌నో పోర్టునో అనుమానించాలి. ఉదాహరణకి 4కే మానిటర్‌ని పాత హెచ్‌డీఎంఐ 1.4 పోర్టుకి పెడితే 30 హెర్ట్జే వస్తుంది, 60 కావాలంటే రెండువైపులా 2.0 ఉండాలి. మీ కార్డ్‌లోనూ, మానిటర్‌లోనూ డిస్‌ప్లే పోర్ట్ ఉంటే ముందు దానితోనే ప్రయత్నించండి.