బొమ్మ యాప్ గీసిస్తుంటే ఇంటీరియర్ డిజైన్ చదివి ఏం చేస్తుంది?

ప్రశ్న: మాది తిరుపతి. మా అమ్మాయి ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతూ, ఇంటీరియర్ డిజైన్ చదువుతానని పట్టుబడుతోంది. బెంగళూరులో ఉండే మా బావమరిది తన కొత్త ఫ్లాట్ హాలును ఫోన్లో ఫొటో తీసి ఏఐ యాప్‌లో పెడితే, అరగంటలో పది రకాల డిజైన్లు వచ్చాయట. ఇక ఈ చదువుకు డబ్బు పెట్టడం దండగ అంటున్నాడు. ఒక శిక్షణ సంస్థ వారేమో ఆరు నెలల ‘ఏఐ ఇంటీరియర్ డిజైన్’ కోర్సు చేస్తే ఉద్యోగం తామే చూపిస్తామంటున్నారు. ఇంజినీరింగ్‌లో సీఎస్ఈ ఏఐలో చేర్చాలా, బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) లేదా బీడిజైన్ (డిజైన్ డిగ్రీ) చదివించాలా, ఆరు నెలల కోర్సు సరిపోతుందా? ఆడపిల్ల సైట్లలో మేస్త్రీల మధ్య తిరగాలన్న బెంగ కూడా ఉంది. ఖరీదైన ల్యాప్‌టాప్ అడుగుతోంది, కొనమంటారా?

జవాబు: మీరు అడిగింది కోర్సుల మధ్య పోలిక. మీ ఉత్తరంలో కనిపిస్తున్నది మాత్రం వేరే దిగులు. లక్షలు పోసి చదివించాక ఆ పనిని యంత్రం లాగేసుకుంటే పిల్ల ఇంట్లో కూర్చుంటుందేమో, అప్పుడు బంధువులంతా ‘మేం ముందే చెప్పాం’ అంటారేమో అన్నది ఆ దిగులు. యానిమేషన్ చదువుతానన్న పిల్లల తల్లిదండ్రులూ, జర్నలిజం చదువుతానన్న పిల్లల తల్లిదండ్రులూ నన్ను ఇదే అడుగుతున్నారు. కాబట్టి ముందు దాని సంగతి చూసి, పోలిక దగ్గరికి తర్వాత వస్తాను. ప్రవేశ పరీక్షల తేదీలు, సిలబస్ మీ అమ్మాయికి ఇప్పటికే తెలిసి ఉంటాయి, వాటి జోలికి వెళ్లను.

మీ బావమరిది గారి యాప్ చేసిందేమిటో మొదట తెలుసుకోండి. మాటలిస్తే బొమ్మ గీసే మిడ్‌జర్నీ, స్టేబుల్ డిఫ్యూజన్ వంటివి 2022లో జనానికి అందుబాటులోకి వచ్చాయి. కోట్ల కొద్దీ బొమ్మలను, వాటి పక్కనున్న వర్ణనలను చూసి, ఏ మాటకు ఎలాంటి దృశ్యం తగునో నేర్చుకున్న సాఫ్ట్‌వేర్ అది. అర్థంలేని చుక్కల గుంపుతో మొదలుపెట్టి, మెట్టుమెట్టుగా దాన్ని శుభ్రం చేసుకుంటూ కొత్త బొమ్మను తేలుస్తుంది. మీ గది ఫొటోలోని గీతలను పట్టుకొని ఆ హద్దుల్లోనే బొమ్మ వేయించే కంట్రోల్‌నెట్ అనే పద్ధతి 2023లో వచ్చింది. అప్పటి నుంచి ఫలితాలు ఇంకా నమ్మదగినవిగా కనిపిస్తున్నాయి. అయినా ఆ యాప్‌కు తెలిసేది గది ఎలా కనిపిస్తుందన్నదే. గోడ పొడవు ఎన్ని అడుగులో, ఆ గోడలోపల నీళ్ల పైపు ఉందో కరెంటు వైరు ఉందో దానికి తెలియదు.

తిరుచానూరు రోడ్డులోని ఒక అపార్ట్‌మెంట్ కోసం ఇలా తయారైన బొమ్మలను ఒక విద్యార్థిని నాకు చూపించింది. వంటగది బొమ్మ చూడముచ్చటగా ఉంది. కిటికీ కింద సింకు, తెల్ల పాలరాతి గట్టు, దానిమీద నిమ్మకాయల గిన్నె. అసలు వంటగదిలో డ్రైనేజీ పైపు ఎదురు గోడకు ఉంది, సింకును కిటికీ కిందికి మార్చాలంటే నేలంతా తవ్వాలి. ఫొటోలో స్పష్టంగా కనిపిస్తున్న బీమును యాప్ తుడిచేసింది. గ్యాస్ సిలిండర్‌కు ఎక్కడా చోటు లేదు. పసుపు పడితే మరక పట్టే పాలరాతిని మన వంటింట్లో గట్టుకు వేయించుకున్న వారి అవస్థ వేరే చెప్పనక్కర్లేదు. పక్కనే చిత్తూరు జిల్లాలో దొరికే కుప్పం గ్రీన్ గ్రానైటు ఆ పనికి ఎన్నో రెట్లు నయం. హాలు బొమ్మలో వేలాడే దీపాలు మూడున్నాయి, సీలింగ్ ఫ్యాను లేదు. మే నెల తిరుపతిలో గడిపినవారెవరూ ఫ్యాను లేని హాలు గీయరు. పూజకు ఈశాన్యం, పొయ్యికి ఆగ్నేయం కావాలని ఇంటి పెద్దావిడ అడిగితే, ఫొటోలో ఈశాన్యం ఎటుందో ఆ యాప్‌కు చెప్పేవారే లేరు. ‘ఆంధ్ర సంప్రదాయ శైలి’ అని అడిగినందుకు అది రాజస్థాన్ హవేలీ తోరణాలు పెట్టింది. ఇక్కడికి దగ్గర్లోనే మాధవమాలలో చెక్క శిల్పాలు చెక్కే కుటుంబాలు ఉన్నాయనీ, శ్రీకాళహస్తి కలంకారీ గోడకు వేలాడదీయవచ్చనీ సూచించవలసింది డిజైనరే.

ఆ బొమ్మ పట్టుకొని కార్పెంటరు దగ్గరికి వెళితే అతను అడిగే మొదటి ప్రశ్నకే జవాబు ఉండదు. గట్టు ఎత్తు 32 అంగుళాలా, 34 అంగుళాలా? అది వంట చేసే మనిషి ఎత్తును బట్టి తేలాలి. ప్లైవుడ్ షీటు 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉంటుంది. రెండడుగుల లోతు కప్‌బోర్డుల ముక్కలను దానిమీద ఏ వరసలో కోస్తే వృథా తగ్గుతుందో లెక్క వేయాలి. సింకు కింద నీళ్లు తగిలే చోట, తడిని బాగా తట్టుకునే ఐఎస్ 710 ప్రమాణం గుర్తున్న ప్లై వేయాలి. పడకగది బీరువాకు మామూలు వాడకానికి పనికొచ్చే ఐఎస్ 303 సరిపోతుంది, అక్కడ కూడా ఖరీదైనదే వేయిస్తే యజమాని డబ్బు వృథా. నాలుగున్నర అంగుళాల గోడకు పుస్తకాల షెల్ఫు తగిలిస్తే నిలుస్తుందా? ఫాల్స్ సీలింగ్ దించాక ఫ్యాను రెక్కలకూ నేలకూ మధ్య ఎంత మిగులుతుంది? ఫ్రిజ్ తలుపు పూర్తిగా తెరుచుకుంటుందా? జనం ఇంటీరియర్ డిజైనర్‌కు డబ్బిచ్చేది ఈ జవాబుల కోసం, తప్పు జరిగితే సైటుకు వచ్చి నిలబడే మనిషి కోసం. బొమ్మ ఉచితమైపోయినా ఈ పనికి విలువ తగ్గలేదు. నా లెక్కలో అది పెరిగే అవకాశమే ఎక్కువ, ఎందుకంటే ఇప్పుడు ప్రతి యజమానీ ఫోన్లో పది బొమ్మలతో వచ్చి ‘ఇలాగే కావాలి’ అంటున్నాడు, అందులో ఏది కుదురుతుందో ఏది కుదరదో ఎవరో ఒకరు ఓపికగా చెప్పాలి.

మీకు నచ్చని సంగతి కూడా చెప్పాలి. ఆఫీసులో కూర్చొని, ఇతరులు గీసిన ప్లానుకు త్రీడీ వ్యూలు మాత్రమే చేసిపెట్టే ఉద్యోగాలు తగ్గుతాయి. స్కెచప్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో గది కట్టి, వీ-రే అనే మరో సాఫ్ట్‌వేర్‌లో వెలుగు నీడలు సరిచేసి, ఒక్క దృశ్యం కోసం రోజంతా కూర్చున్న పనిలో మొదటి సగం ఇప్పుడు నిమిషాల్లో అయిపోతోంది. చదువు పూర్తవగానే చాలామందికి దొరికే తొలి ఉద్యోగం అదే కాబట్టి, మీ బావమరిది గారి మాటలో కొంత నిజముంది. 1982లో కంప్యూటర్లో ప్లాన్లు గీసే ఆటోక్యాడ్ వచ్చాక, టీ-స్క్వేర్ అనే స్కేలుతో గీతలు గీయడం ఒక్కటే తెలిసిన డ్రాఫ్ట్స్‌మన్‌లకు కాలక్రమంలో ఇదే ఎదురైంది. కట్టడం తెలిసినవారు మాత్రం కొత్త పరికరం నేర్చుకొని అదే ఆఫీసుల్లో కొనసాగారు.

ఇక ఆరు నెలల కోర్సు. దీనిమీద నాకు గట్టి సందేహాలున్నాయి. ఈ కోర్సులు ప్రధానంగా నేర్పేది ఏ యాప్‌లో ఏ మాటలు టైపు చేస్తే ఏ బొమ్మ వస్తుందన్నదే. ఆ యాప్‌ల తెరలు, మెనూలు కొన్ని నెలలకోసారి మారిపోతున్నాయి, పైగా వాడటం రోజురోజుకూ తేలికవుతోంది. వాడకం తేలికయ్యే కొద్దీ దాన్ని నేర్పినందుకు ఇచ్చే సర్టిఫికెట్ విలువ పడిపోతుంది. మీ బావమరిది గారు ఏ కోర్సూ చేయకుండానే అరగంటలో పది బొమ్మలు రాబట్టారు కదా, అదే పనికి మీ అమ్మాయి ఆరు నెలలు, అంత ఫీజు ఎందుకు పెట్టాలి? మరొక చిక్కు కూడా ఉంది. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ‘ఆర్కిటెక్ట్’ అన్న హోదాను మాత్రమే కాపాడుతుంది. ‘ఇంటీరియర్ డిజైనర్’ అని బోర్డు పెట్టుకోవడానికి ఏ రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. అందుకే ఈ రంగంలో చిన్న సర్టిఫికెట్లు గుట్టలుగా పుట్టుకొస్తున్నాయి, వాటిని చూసి ఉద్యోగమిచ్చేవారు అంత ఎక్కువగా లేరు.

ఆ సంస్థకు వెళ్లేటట్లయితే వారి గోడలమీది రంగుల బొమ్మలు చూడకండి. కిందటి బ్యాచ్ విద్యార్థులు కొలతలతో గీసిన వర్కింగ్ డ్రాయింగులు చూపించమనండి. సైటులో ఎన్ని గంటలు గడుపుతారో, అక్కడ టేపు పట్టేది విద్యార్థా సారా అని అడగండి. ‘ఉద్యోగం చూపిస్తాం’ అంటే జీతం ఎంత, ఏ పనికి, దొరకకపోతే ఫీజు వెనక్కి ఇస్తారా అన్నది రాతపూర్వకంగా ఇవ్వమనండి. రాసివ్వడానికి తటపటాయిస్తే మీకు జవాబు దొరికినట్టే. సివిల్ డిప్లొమా చేసి ఇప్పటికే సైట్లలో పనిచేస్తున్న కుర్రాడు అడిగి ఉంటే, ఈ ఆరు నెలలు అతనికి ఉపయోగపడతాయనే చెప్పేవాడిని. ఇంటర్ పూర్తయిన అమ్మాయికి పునాది లేకుండా ఇది ఒక్కటే చాలదు.

సీఎస్ఈ ఏఐ విషయంలో మీతో కాస్త కటువుగా మాట్లాడాలి. ఏఐ వల్ల పని పోతుందని ఇంటీరియర్ డిజైన్ వద్దంటున్న మీరు, కోడు రాసే పనిలో చేర్చడానికి మాత్రం ఏ సంకోచమూ చూపడం లేదు. కొత్తగా చేరిన ప్రోగ్రామరు చేసే చిన్నచిన్న పనులను కూడా ఈ పరికరాలు చేసేస్తున్నాయని పత్రికల్లో మీరూ చదివే ఉంటారు. భయపడితే రెండింటికీ భయపడాలి, ధైర్యం చేస్తే రెండింటికీ చేయాలి. బ్రాంచి పేరులో ఏఐ అన్న రెండక్షరాలు ఉన్నంత మాత్రాన ఆ పిల్లకు భద్రత రాదు. ఇష్టంలేని సబ్జెక్టులో నాలుగేళ్లు నెట్టుకొచ్చి, బ్యాక్‌లాగులతో నా ముందు కూర్చునే పిల్లలను నేను చూస్తూనే ఉన్నాను. మీ ఉత్తరంలో బావమరిది గారి అభిప్రాయం ఉంది, శిక్షణ సంస్థ వారి మాట ఉంది. అమ్మాయికి ఈ చదువు ఎందుకు ఇష్టమో, ఏం గీస్తుందో, ఇంట్లో ఏ మూలను ఎలా మార్చాలంటుందో ఒక్క వాక్యం కూడా లేదు. మీరు అడగలేదని నా అనుమానం. ఈ రాత్రే అడగండి.

మీరు కోరిన పోలిక పెద్దదేమీ కాదు. బీఆర్క్ ఐదేళ్లు; కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదై, కట్టడాలూ ఇంటీరియర్లూ రెండూ చేసుకోవచ్చు. విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ 2008 నుంచి ఉంది. చిత్తూరు దాటితే వచ్చే వేలూరులో వీఐటీలోనూ బీఆర్క్ ఉంది. ఏ కాలేజీ అయినా మీరు చేరే సంవత్సరానికి కౌన్సిల్ ఆమోదం ఉందో లేదో ఫీజు కట్టకముందే కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. కాలేజీ వారి నోటి మాట చాలదు. ఇంటీరియర్‌లో బీడిజైన్ మామూలుగా నాలుగేళ్లు. కట్టడపు లెక్కలు తక్కువ, ఫర్నిచర్, వెలుతురు, సామగ్రి ఎక్కువ. ఎంపీసీ పిల్ల కాబట్టి, మనసు ఇంకా పూర్తిగా తేలకపోతే బీఆర్క్ వైపే మొగ్గుతాను. తేలి ఉంటే బీడిజైన్‌లో తప్పులేదు. ఏఐ పరికరాలను ఏ కోర్సులో చేరినా సెలవుల్లో సొంతంగా నేర్చుకోవచ్చు.

నిర్ణయానికి ముందు ఆమెకు ఒక పని అప్పగించండి. చేతికి టేపు ఇచ్చి మీ వంటగదినే కొలవమనండి. గోడలు, కిటికీ, బీము, పైపులు, స్విచ్ బోర్డులు అన్నీ వేసి, కాగితంమీద స్కేలుకు ప్లాను గీయాలి. తర్వాత ఉచిత ఏఐ యాప్‌లో అదే గది ఫొటో పెట్టి, తనకు నచ్చిన బొమ్మ ఒకటి ఎంచుకోవాలి. ఆ బొమ్మలో తన ప్లానుకు కుదరనివన్నీ గుర్తించి సరిచేయాలి. చివరికి తెలిసిన కార్పెంటరు దగ్గరికి వెళ్లి ఎన్ని షీట్లు, ఎంత ఖర్చు అని అంచనా రాయించుకోవాలి. బొమ్మ ఎంచుకోవడం దగ్గర ఉత్సాహం ఆగిపోతే ఆమెకు నచ్చింది అలంకరణ మాత్రమే, అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం. పైపు దగ్గర తల పట్టుకొని, రెండోసారి కొలిచి, కార్పెంటరుతో వాదించి ఇంటికొస్తే మీరు అడ్డుపడకండి.

సైట్ల గురించి మీ బెంగ అర్థమవుతుంది గానీ, దానికి అమ్మాయి చదువును మార్చడం న్యాయం కాదు. బేల్దారి మేస్త్రీలు, కార్పెంటర్లు, టైల్స్ పనివారు తమ పనిలో నిపుణులు. కొలత సరిగ్గా చెప్పి, తప్పును మర్యాదగా ఎత్తిచూపే మనిషికి వారు విలువ ఇస్తారు, ఆడా మగా అని చూసేవారు ఉన్నా త్వరలోనే సర్దుకుంటారు. ఇంటర్న్‌షిప్‌కు మాత్రం అనుభవమున్న మహిళా ఆర్కిటెక్టు లేదా డిజైనరు ఉన్న ఆఫీసును వెతకమనండి, మొదటి సంవత్సరాల్లో అది చాలా తేడా చూపిస్తుంది. పని దొరకదన్న భయం కూడా వద్దు. తిరుపతిలో ఇళ్లు ఒక్కటే లేవు. లాడ్జీలు, హోటళ్లు, కల్యాణ మండపాలు, ఆసుపత్రులు కొన్నేళ్లకోసారి లోపలంతా మార్పించుకుంటూనే ఉంటాయి, అక్కడ గదుల లెక్క, అగ్నిమాపక నిబంధనలు, శుభ్రం చేయడానికి అనువైన సామగ్రి చూసుకోవలసింది మనిషే. తొలి రెండు మూడేళ్లు జీతం సాఫ్ట్‌వేర్ ఉద్యోగంతో పోల్చి బాధపడేంత తక్కువగానే ఉండవచ్చు, దానికి ఇప్పుడే సిద్ధపడండి.

ల్యాప్‌టాప్ ఇప్పుడు కొనకండి. మొదటి సంవత్సరంలో ఎక్కువ భాగం చేతితో గీయడమే ఉంటుంది. ఏ సాఫ్ట్‌వేర్ వాడతారో, గ్రాఫిక్స్ కార్డు ఎంత కావాలో కాలేజీ చెప్పాక కొంటే, అదే డబ్బుకు మెరుగైనది వస్తుంది. అంతవరకు ఇంట్లో ఉన్న కంప్యూటరులో స్కెచప్ ఉచిత వెబ్ రూపాన్ని వాడుకోవచ్చు. ఆటోక్యాడ్‌ను కాలేజీలో చేరాక విద్యార్థిగా ఉచితంగా పొందవచ్చు, కాబట్టి పైరసీ కాపీ ఎవరైనా ఇస్తామన్నా తీసుకోవద్దని చెప్పండి.