హ్యామ్ ఉపగ్రహానికి రాకెట్‌లో చోటు: డబ్బు ఒక్కటే ఇబ్బందా?

మీ హ్యామ్ (హాబీగా రేడియో నడిపేవాళ్ల) క్లబ్ 1యు క్యూబ్‌శాట్ (సుమారు 10 సెంటీమీటర్ల ఘనాకారపు చిన్న ఉపగ్రహం) కడుతోందనీ, దాన్ని సెకండరీ పేలోడ్‌గా, అంటే వేరే పెద్ద ఉపగ్రహం కోసం వెళ్లే రాకెట్‌లో తోడుగా పంపడానికి డబ్బు కాకుండా ఇంకేం అడ్డం వస్తాయనీ అడిగారు. ఒక విద్యార్థి ఉపగ్రహానికి రేడియో పని చూసిన అనుభవంతో చెబుతున్నాను. డబ్బు కష్టమే, కానీ తిప్పలు పడితే పోగవుతుంది. కక్ష్య, తేదీ మాత్రం ఎంత తిప్పలు పడినా మన చేతికి రావు. రెండూ మెయిన్ పేలోడ్ వాళ్లవే, అంటే రాకెట్ ఎవరి పెద్ద ఉపగ్రహం కోసం వెళ్తుందో వాళ్లు నిర్ణయించేవే.

ఇది కొత్త సంగతి కాదు. 1961 డిసెంబర్ 12న వెళ్లిన మొదటి హ్యామ్ ఉపగ్రహం ఆస్కార్-1, రాకెట్‌లో బరువు సరిచూడటానికి పెట్టే దిమ్మ స్థానంలో కూర్చుని వెళ్లింది. కక్ష్య చాలా కిందిది కావడంతో కొన్ని వారాలకే వాతావరణంలో కాలిపోయింది.

హ్యామ్‌లకు కావాల్సింది ఎత్తు. ఎత్తు పెరిగితే ఒకేసారి ఎక్కువ దేశాలు వినగలవు, పాస్ (ఉపగ్రహం మన ఆకాశం మీదుగా దాటే సమయం) ఎక్కువసేపు ఉంటుంది. కానీ అంతరిక్ష కేంద్రం నుంచి వదిలితే దొరికేది సుమారు 400 కిలోమీటర్లే, అక్కడ గాలి రాపిడికి ఆయుష్షు తక్కువ. పోనీ పైన ఎక్కడో చోటు దొరికిందనుకోండి, పని అయ్యాక ఉపగ్రహం కిందికి రావాలన్న నిబంధన ఉంది. అమెరికా లైసెన్స్ అయితే ఇప్పుడు గడువు 5 ఏళ్లే. ఎక్కాలన్నా దిగాలన్నా ఇంజిన్ ఉంటే బాగుంటుంది. కానీ ఇంధనమో, అధిక పీడనపు ట్యాంకో ఉందంటే, కోట్ల ఖరీదు చేసే తమ ఉపగ్రహం పక్కన దాన్ని పెట్టడానికి మెయిన్ పేలోడ్ వాళ్లు సులభంగా ఒప్పుకోరు. వాళ్లను తప్పు పట్టలేం కూడా. చివరికి ఈ ముడిలో నలిగేది మనమే. జర్మనీ హ్యామ్‌లు తలపెట్టిన పెద్ద ఉపగ్రహం ఫేజ్ 3-ఇ అందుబాటు ధరలో రాకెట్ దొరక్క ఆగిపోవడం నాకు ఇప్పటికీ బాధే.

రాకెట్ ఎగిరాక కూడా మన వంతు చివరే. 2012 అక్టోబర్‌లో ఫాల్కన్ 9 ఇంజిన్ ఒకటి దారిలో ఆగిపోయింది. దాని మెయిన్ పేలోడ్ అయిన సరుకు నౌక డ్రాగన్ క్షేమంగా అంతరిక్ష కేంద్రానికి చేరింది. వెంట వెళ్లిన చిన్న ఆర్బ్‌కామ్ ఉపగ్రహం కోసం ఇంకోసారి ఇంజిన్ మండించడానికి మాత్రం భద్రతా నియమాలు ఒప్పుకోలేదు. అది కింది కక్ష్యలోనే ఉండిపోయి కొద్ది రోజుల్లో పడిపోయింది.

మాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది మాత్రం ఎదురుచూపు. మెయిన్ ఉపగ్రహంలో ఏదో సమస్య వచ్చి లాంచ్ వాయిదా మీద వాయిదా పడింది. అప్పటికే మాది డిప్లాయర్‌లో (ఉపగ్రహాన్ని కక్ష్యలో బయటికి వదిలే పెట్టెలో) సీలయింది, లోపల బ్యాటరీ తనంతట తానే తగ్గుతూ ఉంది. తెరవనివ్వరు, ఛార్జ్ చేయనివ్వరు. మా పవర్ బోర్డు మొదటి నుంచీ బ్యాటరీ ఖాళీగా ఉన్నా సోలార్ పలకల మీదే మేల్కొనేలా ఉంది కాబట్టి బతికాం. మీరూ అలాగే కట్టండి. 1974లో ఇలాగే సెకండరీగా వెళ్లిన హ్యామ్ ఉపగ్రహం ఏఓ-7, బ్యాటరీ పాడై 1981లో మూగబోయి, 2002లో ఎండ పడినప్పుడల్లా మళ్లీ పలకడం మొదలుపెట్టింది. అందుకే ఒప్పందం మీద సంతకం చేసే ముందే, డిప్లాయర్‌లో పెట్టాక ఛార్జింగ్‌కు దారి ఉంటుందా, వాయిదా పడితే ఎవరు ఏం చేస్తారు అని రాతపూర్వకంగా అడగండి.

ఏ రాకెట్టో ఖరారు కాకముందే వైబ్రేషన్ టెస్ట్‌కు డిజైన్ చేయాల్సి వస్తుంది. నాసా పరీక్షా ప్రమాణం జీఈవీఎస్ చెప్పే లెవెల్స్‌కు కట్టుకుంటే తర్వాత రాకెట్ మారినా పెద్దగా ఇబ్బంది ఉండదు.

విడుదలయ్యాక సాధారణంగా 45 నిమిషాల దాకా ట్రాన్స్‌మిట్ చేయకూడదు. పైగా ఒకేసారి డజన్ల కొద్దీ ఉపగ్రహాలు బయటికొస్తే, రాడార్‌కు కనిపించే చుక్కల్లో మనది ఏదో తేలడానికి రోజులు పట్టొచ్చు. ఫ్రీక్వెన్సీ, టెలిమెట్రీ (ఉపగ్రహం తన స్థితి గురించి పంపే డేటా) ఫార్మాట్ ముందే బయటపెట్టండి. ప్రపంచంలో ఎక్కడో ఒకచోట ఎవరో ఒక హ్యామ్ మీకంటే ముందే వింటారు. మాకు మొదటి రిపోర్ట్ అలాగే వచ్చింది, ఆ ఆనందం మాటల్లో చెప్పలేను.

ఇక కాగితాలు. ఐఏఆర్‌యూ (హ్యామ్‌ల అంతర్జాతీయ సంఘం) చేసే ఫ్రీక్వెన్సీ కోఆర్డినేషన్, మీ దేశ ప్రభుత్వం ద్వారా ఐటీయూకి (ఐక్యరాజ్యసమితి టెలికాం సంస్థకు) వెళ్లే ఫైలింగ్ రెండూ నెలల తరబడి సాగుతాయి. బోర్డులు గీస్తున్నప్పుడే మొదలుపెట్టండి. లైసెన్స్ చేతిలో లేకపోతే ఉపగ్రహం పూర్తిగా సిద్ధమైనా రాకెట్ ఎక్కించరు.