హాఫ్‌టైమ్ షో: రిహానా వేదిక గాలిలో ఎందుకు వేలాడింది?

అమెరికాలోని అరిజోనా రాష్ట్రం, గ్లెండేల్‌లో 2023 ఫిబ్రవరి 12న కాన్సస్ సిటీ చీఫ్స్, ఫిలడెల్ఫియా ఈగల్స్ జట్ల మధ్య సూపర్ బౌల్, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ (ఎన్‌ఎఫ్‌ఎల్) వార్షిక ఫైనల్ జరిగింది. ఆ మ్యాచ్ విరామంలో గాయని రిహానా ఇచ్చిన ప్రదర్శన గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో నాలుగింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: కొడుకు దగ్గర ఉండటానికి డల్లాస్ వచ్చాను. వాడు ఆ ప్రదర్శన వీడియో చూపించాడు. కడుపుతో ఉన్న అమ్మాయిని అంత ఎత్తున వేలాడే పలక మీద నిలబెట్టి పాడించడం నాకు నచ్చలేదు. వేదిక నేల మీదే కట్టవచ్చు కదా? (డల్లాస్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మీ ఆందోళన సహజమైనదే అమ్మా. అయితే ఆమె గర్భవతి అన్న సంగతి ఆ రాత్రి చూస్తున్నవారిలో చాలామందికి తెలియదు. ఎర్రని దుస్తుల్లో వచ్చి, పొట్ట మీద చెయ్యి వేసి నిమిరినప్పుడు అందరికీ అనుమానం మొదలైంది. ప్రదర్శన ముగిశాక ఆమె ప్రతినిధులు నిజమేనని చెప్పారు. ఆ ఏడాది ఆగస్టులో ఆమెకు రెండో కొడుకు పుట్టాడు. పలకల మీద నిలిచినవారిని భద్రతా తాళ్లతో కట్టి ఉంచారు. ఆమె కూడా తన ఒంటికి తగినట్టే అడుగులు వేసింది, ఎగరలేదు, దూకలేదు. దూకుడైన నృత్యమంతా తెల్లని దుస్తుల్లో ఉన్న డ్యాన్సర్లకు వదిలి, తాను నిలకడగా నిలిచి పాడటం నాకు ఆ ప్రదర్శనలో అన్నిటికన్నా బాగా నచ్చిన విషయం.

ఇక వేదిక సంగతి. ఆ స్టేడియంలోని పచ్చిక నిజమైన గడ్డి. పైకప్పు కింద ఎండ తగలదు కనుక మైదానం మొత్తాన్ని ఒక పెద్ద పళ్లెంలో పెంచుతారు. ఆ పళ్లెం పట్టాల మీద కదిలి బయటకు వెళ్లి అరిజోనా ఎండలో ఉంటుంది, మ్యాచ్‌కు ముందు లోపలికి వస్తుంది. మామూలుగా హాఫ్‌టైమ్ షో వేదికను ముక్కలు ముక్కలుగా చక్రాల బండ్ల మీద అమర్చి ఉంచుతారు. తొలి సగం ముగిసిన వెంటనే వందలమంది వాటిని మైదానంలోకి తోసుకొచ్చి సుమారు ఎనిమిది నిమిషాల్లో బిగిస్తారు, పాట అయిపోగానే అంతకన్నా తొందరగా విప్పి బయటకు తీసుకెళ్తారు. ఆ బరువంతా పడేది కాసేపట్లో ఆటగాళ్లు పరుగెత్తబోయే గడ్డి మీదే. అందుకే ఈసారి రంగస్థల రూపకర్తలు ఆ బరువులో చాలా భాగాన్ని పైకప్పుకు అప్పగించారు. నేలకు 15 అడుగుల నుంచి 60 అడుగుల ఎత్తు వరకు కదిలే వెలుగుల పలకలను తీగలతో వేలాడదీశారు. నేల మీద కూడా ఒక వేదిక ఉంది కానీ, బండ్ల సంఖ్య బాగా తగ్గింది. ఇంత జాగ్రత్త పడినా ఆ రోజు ఆటగాళ్లు మైదానంలో పదేపదే జారారు, మ్యాచ్ తరువాత కొందరు బాహాటంగానే ఫిర్యాదు చేశారు. చూసేవారికి అద్భుతంగా కనిపించిన ఆ ఎత్తు వెనుక ఉన్న ఒక ముఖ్య కారణం గడ్డిని కాపాడుకోవలసిన అవసరం.

ప్రశ్న: ఆమె అంతకుముందు ఇదే అవకాశాన్ని కాదన్నదని చదివాను. మరి తరువాత ఎందుకు ఒప్పుకుంది? డబ్బు కోసమా? (వరంగల్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: డబ్బు కోసం కాదు. ఈ ప్రదర్శనకు కళాకారులకు లీగ్ పెద్ద పారితోషికమేమీ ఇవ్వదు. నిర్మాణ ఖర్చు మాత్రం లీగ్, ప్రాయోజకులు భరిస్తారు. 2021లో పాడిన గాయకుడు ది వీకెండ్ అయితే తాను కోరుకున్న హంగు కోసం సొంతంగా మరో 70 లక్షల డాలర్లు పెట్టుకున్నాడు. ప్రతిఫలం మరో దారిలో వస్తుంది. రిహానా పాటల మధ్యలో ఒక్క క్షణం ఆగి, తన సొంత సౌందర్య సాధనాల కంపెనీ పౌడరు డబ్బా తెరిచి ముఖానికి అద్దుకుంది. సుమారు 12 కోట్లమంది చూస్తుండగా ఆ ఒక్క అద్దుడు ఎంత విలువైన ప్రకటనో వ్యాపారులకు వేరే చెప్పనక్కర్లేదు.

కాదన్న మాటా నిజమే. నల్లజాతివారిపై పోలీసుల హింసకు నిరసనగా 2016లో జాతీయగీతం వేళ మోకాలిపై కూర్చున్న ఆ లీగ్ ఆటగాడు కోలిన్ కేపర్నిక్‌ను ఆ తరువాత ఏ జట్టూ తీసుకోలేదు. అతనికి మద్దతుగానే తాను పాడనన్నానని రిహానా 2019లో చెప్పింది. అదే ఏడాది లీగ్ ఈ ప్రదర్శనల బాధ్యతను ర్యాపర్ జే-జీ స్థాపించిన రాక్ నేషన్ సంస్థతో పంచుకుంది. 2023లో మ్యాచ్‌కు ముందు ఆమె చెప్పిన కారణాల్లో తల్లి అయ్యాక వచ్చిన ధైర్యం ఒకటి. కరీబియన్ దీవి నుంచి వలస వచ్చిన నల్లజాతి స్త్రీ అంత పెద్ద వేదికపై కనిపించాలని, తన కొడుకు దాన్ని చూడాలని కోరుకోవడం మరొకటి. ఆ కోరికను నేను పూర్తిగా గౌరవిస్తాను. అయితే కేపర్నిక్ మళ్లీ ఆ లీగ్‌లో ఆడలేదన్నది కూడా నిజం కనుక, ఆమె నిర్ణయంతో నొచ్చుకున్న అభిమానులను తప్పుపట్టలేను.

ప్రశ్న: వినికిడి లేని పిల్లలకు పాఠాలు చెబుతాను. ఆ ప్రదర్శనలో సంకేతభాషలో పాడిన అమ్మాయి గురించి చెప్పండి. (విశాఖపట్నం నుంచి ఒక ఉపాధ్యాయిని)

జవాబు: ఆమె పేరు జస్టీనా మైల్స్, అప్పటికి 20 ఏళ్లు, తానూ వినికిడి లేని యువతే. రిహానా పాటల అర్థాన్ని అమెరికన్ సంకేతభాషలో అందించి ఆమె ఊరుకోలేదు. భుజాలు, కనుబొమలు, వేళ్ల విసురు అన్నీ తాళానికి లోబడి కదిలాయి. మీ పిల్లలకు చూపించేటప్పుడు ముందు శబ్దం ఆపి చూపించండి, పాట వేగం ఆమె చేతుల్లోనే తెలుస్తుంది. నాకు బాధ కలిగించిన సంగతి ఒకటుంది. ఆమెను పూర్తిగా చూడాలంటే ప్రధాన టీవీ ప్రసారం వదిలి, విడిగా ఇచ్చిన ఆన్‌లైన్ ప్రసారానికి వెళ్లవలసి వచ్చింది. తెరపై ఒక మూల చోటిస్తే ఎవరికీ పోయేదేమీ లేదు.

ప్రశ్న: పాఠశాలలో ఫుట్‌బాల్ నేర్పుతాను. మన ఫుట్‌బాల్‌లోనూ ఇలాంటి షోలు మొదలయ్యాయి. అవి ఆటకు మంచివేనా? (గుంటూరు నుంచి ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు)

జవాబు: మాస్టారూ, మీకు తెలిసిన నిబంధనతోనే మొదలుపెడదాం. ఫుట్‌బాల్‌లో విరామం 15 నిమిషాలు మించకూడదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో సూపర్ బౌల్ రోజు విరామాన్ని దాదాపు రెట్టింపు చేస్తారు. ఆ ఆటలో ప్రతి కొద్ది క్షణాలకూ ఆగడం, దాడికి ఒక బృందం, రక్షణకు మరో బృందం దిగడం మామూలే. మన ఆటలో అదే పదకొండుమంది పరుగెత్తుతూ ఉండాలి. 2024లో మయామీలో కోపా అమెరికా ఫైనల్ మధ్యలో షకీరా పాట కోసం విరామాన్ని 25 నిమిషాలకు పెంచినప్పుడు కొలంబియా కోచ్ నెస్టర్ లొరెంజో ముందురోజే అభ్యంతరం చెప్పాడు. వేడెక్కిన కండరాలు చల్లబడ్డాక మళ్లీ పరుగు మొదలుపెట్టడం ఎంత కష్టమో మీ పిల్లలను చూసే మీకు తెలుసు. పైగా ఆ మ్యాచ్ అదనపు సమయానికి వెళ్లి, అర్జెంటీనా 1-0తో గెలిచింది.

2025 జూలైలో న్యూజెర్సీలో జరిగిన క్లబ్ ప్రపంచకప్ ఫైనల్‌లో నిర్వాహకులు ఒక మంచి పని చేశారు. వేదికను మైదానంలో కాకుండా ప్రేక్షకుల గ్యాలరీ పైభాగంలో కట్టారు, దానితో గడ్డిపై బండ్ల బాధ తప్పింది. సమయం మాత్రం అక్కడా 15 నిమిషాలు దాటింది. పాటల మీద నాకు ద్వేషం లేదు, రిహానా ప్రదర్శనను ఎన్నిసార్లయినా చూస్తాను. కానీ ఫుట్‌బాల్ ఫైనల్‌లో పాట పెట్టదలిస్తే మ్యాచ్‌కు ముందు అరగంట తీసుకోవచ్చు, కప్పు అందజేశాక ఇంకా ఎక్కువ సమయమే తీసుకోవచ్చు. విరామంలోనే పెట్టాలంటే గ్యాలరీలోని వేదిక మీద, ఆ 15 నిమిషాల్లోనే ముగించాలి.