తాళం చేతికి రాకముందే: విదేశంలో అద్దె కారుపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

విదేశానికి వెళ్లినప్పుడు కారు అద్దెకు తీసుకుని తామే నడుపుకోవాలనుకునే వారి నుంచి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఉత్తరాలు చాలా వచ్చాయి. ఇలాంటి ప్రయాణాల్లో డబ్బు రోడ్డు మీద కంటే అద్దె కంపెనీ కౌంటర్ దగ్గరే ఎక్కువ పోతుంది. అందుకే కాగితాల ప్రశ్నలతో మొదలుపెడుతున్నాం.

డిసెంబరులో న్యూజిలాండ్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం. అక్కడ కారు మావారే నడుపుతారు. ఆయన లైసెన్సులో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. ఇబ్బంది అవుతుందా? ఇంటర్నేషనల్ పర్మిట్ కూడా కావాలా?
– ఒక పాఠకురాలు, బొబ్బిలి

ఇబ్బంది అయ్యే అవకాశం ఉందమ్మా. కౌంటర్‌లో ఉన్న మనిషి లైసెన్సు, పాస్‌పోర్టు, క్రెడిట్ కార్డు మూడూ పక్కపక్కన పెట్టి పేర్లు సరిచూస్తారు. 'కె' అంటే ఇంటిపేరని మనకు తెలుసు గానీ, వాళ్లకు తెలియదు. కొందరు చూసీ చూడనట్టు వదిలేస్తారు, కొందరు కారు ఇవ్వం పొమ్మంటారు. ముందే కట్టిన అద్దె కూడా చాలాసార్లు వెనక్కి రాదు. కాబట్టి ముందు రవాణా శాఖలో పేరు మార్పుకు దరఖాస్తు పెట్టి, లైసెన్సు మీద పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు వేయించండి. పర్మిట్ ఆ తర్వాతే తీసుకోవాలి. వరస తప్పితే పర్మిట్ మీద కూడా పాత పేరే పడుతుంది. ఈ రెండు పనులకూ ప్రయాణానికి కనీసం రెండు నెలల ముందు కదలండి.

మన లైసెన్సు ఇంగ్లిష్‌లో ఉంటుంది కాబట్టి న్యూజిలాండ్‌లో చట్టప్రకారం అదే సరిపోతుంది. బ్రిటన్‌లోనూ అంతే. ఇటలీ, జపాన్ వెళ్లేవారికీ, దుబాయ్ చూడటానికి వెళ్లేవారికీ ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తప్పనిసరి. చైనాలో ఆ పర్మిట్ కూడా చెల్లదు. మీకు చట్టం అడగకపోయినా అద్దె కంపెనీ తన షరతుల్లో అడగొచ్చు. రుసుము 1,000 రూపాయలే కాబట్టి తీసుకోమనే మా సలహా. ఫారం 4ఏ నింపి, లైసెన్సు, పాస్‌పోర్టు ప్రతులు జతచేస్తే మీ రవాణా కార్యాలయమే ఇస్తుంది. ఏడాది పాటు చెల్లుతుంది, ఈలోగా లైసెన్సు గడువు తీరిపోతే అంతవరకే. ఒక్కటి మరిచిపోవద్దు: అసలు లైసెన్సు కార్డు పక్కన లేకపోతే పర్మిట్‌కు విలువ లేదు. ఫోన్‌లో డిజీలాకర్ చూపిస్తామంటే కౌంటర్‌లో ఒప్పుకుంటారని నమ్ముకోకండి. కార్డు మీద అక్షరాలు అరిగిపోయి ఉంటే కొత్తది వేయించుకోండి.

అక్కడ మనలాగే ఎడమ వైపు నడపడం కాబట్టి మీవారికి అలవాటు పడటం తేలికే. ఒకే వరస ఉన్న వంతెనల దగ్గర మాత్రం జాగ్రత్త అని చెప్పండి. నీలం బోర్డు మీద మన వైపు వెళ్లే బాణం తెల్లగా, పెద్దగా ఉంటే దారి మనది. గుండ్రటి బోర్డులో మన బాణం ఎర్రగా, చిన్నగా ఉంటే ఆగి ఎదుటివారికి దారివ్వాలి.

ఫారెక్స్ కార్డులో యూరోలు వేయించాను, డెబిట్ కార్డు కూడా ఉంది. క్రెడిట్ కార్డు మా అబ్బాయిది. సరిపోతుందా?
– ఒక పాఠకుడు, పలాస

సరిపోదు. క్రెడిట్ కార్డు కారు నడిపే ప్రధాన డ్రైవరు పేరు మీదే ఉండాలి. అబ్బాయి కార్డు వాడాలంటే అబ్బాయే ప్రధాన డ్రైవరు కావాలి, మీరు అదనపు డ్రైవరుగా పేరు రాయించుకోవాలి. పేరు రాయించకుండా స్టీరింగ్ పట్టుకుంటే ఆ కాసేపూ ఇన్సూరెన్సు లేనట్టే.

తాళం ఇచ్చేముందు కంపెనీ కార్డులో కొంత సొమ్ము డిపాజిట్‌గా ఆపుతుంది. కారు స్థాయిని బట్టి అది కొన్ని వందల యూరోల నుంచి వెయ్యి దాటి కూడా ఉంటుంది. కారు అప్పగించాక ఆ సొమ్ము విడుదల కావడానికి ఒకటి రెండు వారాలు పట్టొచ్చు. ఫారెక్స్ కార్డుల మీద ఇలా ఆపడానికి చాలా కంపెనీలు ఒప్పుకోవు. హోటళ్లకూ అదే క్రెడిట్ కార్డు వాడబోతే పరిమితి చాలుతుందో లేదో లెక్క వేసుకోండి. మన కార్డులు విదేశీ వాడకానికి మొదట మూసి ఉంటాయి. బ్యాంకు యాప్‌లో మీరే తెరిచి, పరిమితి పెంచుకోవాలి. మెషీన్ 'రూపాయల్లోనా, యూరోల్లోనా' అని అడిగితే యూరోలే నొక్కండి. రూపాయలు నొక్కితే మారకం రేటు వాళ్లు వేసినట్టే పడుతుంది.

ఇన్సూరెన్సు కలిపే బుక్ చేశాం. అయినా కౌంటర్‌లో మళ్లీ కొనమంటారని విన్నాం. ఇది మోసమా?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

మోసం అనలేం. మీరు ముందే కొన్నదాంట్లో ఒక బొక్క ఉంటుంది, వాళ్లు అమ్మేది ఆ బొక్కకు మూత. అద్దెలో కలిసి వచ్చే ఇన్సూరెన్సుకు 'ఎక్సెస్' అని ఒక మొత్తం ఉంటుంది. ఉదాహరణకు ఎక్సెస్ 1,500 యూరోలు అనుకుందాం. 700 యూరోల సొట్ట పడితే మొత్తం మీరే కట్టాలి. 4,000 యూరోల నష్టమైతే 1,500 మీరు కడతారు, మిగతాది ఇన్సూరెన్సు చూసుకుంటుంది. ఆ 1,500ను సున్నా చేస్తామనే పాలసీనే కౌంటర్‌లో రోజుకింత అని అమ్ముతారు.

ఇలాంటి పాలసీ ఇంటి దగ్గర నుంచే ఆన్‌లైన్‌లో వేరే సంస్థ దగ్గర తక్కువకు దొరుకుతుంది. తేడా ఏమిటంటే, అప్పుడు నష్టం సొమ్ము ముందు మీ కార్డులోంచి పోతుంది; తర్వాత బిల్లు, నష్టం నివేదిక పంపి తిరిగి రాబట్టుకోవాలి. కౌంటర్ పాలసీ ఉంటే ఆ తిరుగుడు లేదు, డిపాజిట్ కూడా తగ్గిస్తారు. కార్డు పరిమితి చాలా ఉండి, కాగితాలు దాచే ఓపిక ఉన్నవారికి బయటి పాలసీ మేలు. మొదటిసారి వెళ్లేవారికి, పెద్దవాళ్లతో వెళ్లేవారికి మేం కౌంటర్ పాలసీనే చెబుతాం. పెద్ద కారుకు పెట్టే డబ్బు దీనికి పెట్టండి.

టైర్లు, అద్దాలు, కారు అడుగు భాగం, పైకప్పు, పోయిన తాళం, తప్పు ఇంధనం సాధారణ ఇన్సూరెన్సులో చాలాసార్లు ఉండవు. మన్ను రోడ్ల మీద రాళ్లు తగిలేది ఆ అద్దాలకూ అడుగుకూనే. ఐస్‌లాండ్‌లో లోపలి కొండ ప్రాంతాల 'ఎఫ్' రోడ్ల మీదికి ఫోర్ వీల్ డ్రైవ్ లేకుండా వెళ్లడం నిషేధం. అది ఉన్నా, వాగు దాటుతూ ఇంజన్‌లోకి నీళ్లు పోతే ఖర్చు మీదే. అమెరికాలో చూసుకోవలసింది వేరు: ఎదుటివారికి జరిగే నష్టానికి అద్దెలో ఉండే కవరేజీ కొన్ని రాష్ట్రాల్లో చాలా తక్కువ. అక్కడ థర్డ్ పార్టీ అదనపు కవరేజీ తప్పక తీసుకోండి.

ఏ పాలసీ ఉన్నా కారు కదిపేముందు ఫోన్‌లో ఒక వీడియో తీయండి. నాలుగు వైపులా, నాలుగు చక్రాల రిమ్ములు, ముందు అద్దం, పైకప్పు, మీటరు రీడింగు, ఇంధనం ముల్లు అన్నీ పడాలి. చిన్న గీత కనపడినా వాళ్ల కాగితం మీద గుర్తు పెట్టించి సంతకం తీసుకోండి. తెల్లవారుజామున విమానం ఉందని తాళం పెట్టెలో పడేసి వెళ్లేవారు పార్కింగ్ గడి నంబరు కనిపించేలా మళ్లీ తీయాలి. మనిషి వచ్చి కారు చూసేవరకూ బాధ్యత మీదేనని చాలా కంపెనీల షరతుల్లో రాసి ఉంటుంది.

సాలూరు ఘాట్‌లో ఇరవై ఏళ్లుగా కారు నడుపుతున్నాను. స్విట్జర్లాండ్ కొండదారులు నడపగలనా? కుడి వైపు నడపడమే భయం.
– ఒక పాఠకుడు, చీపురుపల్లి

నిక్షేపంగా నడపగలరు. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు నానబెట్టకుండా కింది గేరులో దిగే మీ అలవాటే అక్కడా కావాలి. ఇరుకు చోట కిందికి దిగే బండి ఆగి, ఎక్కే బండికి దారివ్వాలి. నీలం బోర్డు మీద పసుపు కొమ్ము బొమ్మ ఉంటే అది పోస్టు బస్సు తిరిగే దారి. మలుపులో ఆ బస్సు డ్రైవరు ఎటు ఒదగమంటే అటు ఒదగాలి. పగలు కూడా లైట్లు వేసే ఉంచాలి. ఫుర్కా, గ్రిమ్సెల్ లాంటి ఎత్తైన దారులు చలికాలమంతా మూసి ఉంటాయి.

కుడి వైపు నడపడానికి ఒక కొండగుర్తు: డ్రైవరు కూర్చున్న వైపు ఎప్పుడూ రోడ్డు మధ్య గీత పక్కనే ఉండాలి. మన దగ్గరా ఇదే సూత్రం, కూర్చునే వైపు మారుతుందంతే. జనం ఉన్న రోడ్డులో ముందు బండిని చూసి సరిగానే వెళ్తాం. తప్పు జరిగేది ఖాళీ రోడ్డులో, పెట్రోలు బంకు నుంచి బయటికి వచ్చేటప్పుడు, ఎడమకు తిరిగిన వెంటనే. ఆ మూడు చోట్లా పక్కన కూర్చున్నవారు 'కుడి, కుడి' అని పైకి అనాలి. ఎడమ సీట్లో కూర్చుంటే బండి తెలియకుండా కుడికి జరిగిపోతుంది, రిమ్ములు గట్టుకు గీసుకునేది అందుకే. మన కార్లలో చాలావాటికి ఇండికేటర్ కుడి చేతికి ఉంటుంది, అక్కడ ఎడమ చేతికి. మొదటి రోజు మలుపు మలుపుకీ వైపర్లు తిరుగుతాయి, కంగారు పడకండి. ఆటోమేటిక్ కావాలంటే బుకింగ్‌లోనే అడగాలి, లేకపోతే గేరు కారే ఇస్తారు.

చాలాచోట్ల పెట్రోలు పోసేవారు ఉండరు, మనమే పోసుకోవాలి. ఐరోపాలో గొట్టం మీద వృత్తం గుర్తు పెట్రోలుకు, చతురస్రం డీజిలుకు. తప్పుది పోశారనుకోండి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా కంపెనీకి ఫోన్ చేయండి. ట్యాంకు కడిగించడంతో పోతుంది. స్టార్ట్ చేస్తే ఇంజన్‌దాకా వస్తుంది.

ఇటలీ నుంచి వచ్చి ఐదు నెలలైంది. ఇప్పుడు కార్డులోంచి కొన్ని యూరోలు తీసుకున్నారు. ఎందుకు?
– ఒక పాఠకురాలు, నరసన్నపేట

పాత ఊళ్ల నడిమధ్య బయటి బండ్లు రాకూడని వీధులుంటాయి. వాటిని అక్కడ 'జడ్ టీ ఎల్' అంటారు. గేటు ఉండదు, కెమెరా నంబరు తీసుకుంటుంది. మీరు అలాంటి వీధిలోకి వెళ్లి ఉంటారు. మీ వివరాలు పోలీసులకు ఇచ్చినందుకు అద్దె కంపెనీ ముందు తన రుసుము తీసుకుంది. అసలు జరిమానా ఇంకా రావలసి ఉంది. విదేశాల్లో ఉండేవారికి నోటీసు పంపడానికి వాళ్లకు 360 రోజుల గడువు ఉంది. అందిన 5 రోజుల్లో కడితే సాధారణంగా 30 శాతం తగ్గుతుంది. ఒకే వీధిలోకి రెండుసార్లు వెళ్లి ఉంటే రెండు నోటీసులు వస్తాయి. కాబట్టి తేదీ, సమయం సరిచూసుకుని కట్టండి.

మా తమ్ముడికి దుబాయ్‌లో రెసిడెన్సీ వీసా ఉంది. ఇక్కడి పర్మిట్‌తో నడపొచ్చా?
– ఒక పాఠకుడు, సోంపేట

కుదరదు. ఆ వీసా ఉన్నవారు అక్కడి లైసెన్సు తీసుకోవాల్సిందే. మీరు విజిట్ వీసా మీద వెళ్తే మీ పర్మిట్ చెల్లుతుంది. చిన్న గీత పడినా పోలీసు రిపోర్టు తీసుకోండి, అది లేకుండా అక్కడ ఏ గ్యారేజీ కారు బాగుచేయదు.