నీ పూరా ఎవరు?

క్రీస్తునందు ప్రియమైన తమ్ముడికి, ప్రభువు పేరిట వందనాలు.

ఇంట్లో వాక్యధ్యాన కూటం పెట్టాలని భారం ఉన్నా, ఎవరూ రాకపోతే ఎలా, నాలుగు వారాలకే ఆగిపోతే సంఘంలో తలెత్తుకోవడం ఎలా అని రాశావు. ఆ భయం తీసేయమని ప్రార్థిస్తున్నావట, పోయాక మొదలుపెడతావట. ఈ వరుసే నిన్ను కదలనివ్వడం లేదు.

పారసీక రాజు ముందు తాను చాలా భయపడ్డానని నెహెమ్యా తానే రాసుకున్నాడు (2:2). ఆ భయంతోనే ప్రార్థన చేసి, యెరూషలేమును తిరిగి కట్టడానికి సెలవిమ్మని నోరు విప్పి అడిగాడు. మిద్యానీయులతో యుద్ధానికి దేవుడు పిలిచిన గిద్యోను విషయం ఇంకా దగ్గరగా చూడు. దేవుడు నిజంగా తోడున్నాడా అని గొర్రెబొచ్చు మీద మంచు గుర్తు రెండుసార్లు అడిగి చూసుకున్నాడు. అయినా అతని సైన్యం 32,000 మంది కాస్తా 300 అయ్యాక గుండె జారింది. అప్పుడు దేవుడు అతన్ని గద్దించలేదు. దిగివెళ్ళడానికి భయమైతే నీ పనివాడు పూరాను వెంటబెట్టుకుని వెళ్ళమన్నాడు (న్యాయాధిపతులు 7:10). ఇద్దరూ చీకట్లో శత్రువుల దండు అంచుదాకా వెళ్ళారు. అక్కడ ఒకడు తన కల చెబుతున్నాడు: యవల రొట్టె ఒకటి దొర్లుకుంటూ వచ్చి గుడారాన్ని పడగొట్టిందట. ఆ రొట్టె గిద్యోను ఖడ్గమే అని పక్కవాడు అర్థం చెప్పాడు. అది విన్నాకే గిద్యోనుకు ధైర్యం వచ్చింది. తన గుడారంలోనే కూర్చుంటే ఆ మాట అతని చెవిన పడేది కాదు.

కాబట్టి మొదట ఒక కాగితం తీసుకో. ఏం పోతుందని భయమో ఒక్కో వరుసలో రాసి, పక్కన ఆ నష్టం ఎవరికో రాయి. నీ పేరుకా, నీ డబ్బుకా, ఇంట్లోవాళ్ళకా? నీ ఉత్తరాన్ని బట్టి చూస్తే చాలా వరుసల పక్కన ‘నా పేరు’ అనే వస్తుంది. ఆ నష్టం నువ్వు ఓర్చుకోగలవు. భార్య దాచుకున్న డబ్బో, పిల్లల ఫీజో, ఎవరి దగ్గరో చేసిన అప్పో ఆ కాగితంలో కనిపిస్తే మాత్రం ఆగు. ఇంకొకరి బతుకును పణంగా పెట్టి దానికి విశ్వాసమని పేరు పెట్టకూడదు. దేవాలయ శిఖరం మీద శోధకుడు వాక్యమే ఎత్తి చూపించి దూకమన్నా యేసు దూకలేదు. పేతురు నీళ్ళ మీద నడవడానికి దోనె దిగాడంటే ముందు రమ్మని సెలవియ్యమని అడిగాడు, ‘రమ్ము’ అన్న మాట విన్నాడు.

గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క వేసుకుంటాడని ప్రభువు చెప్పాడు కదా, నీ లెక్క ఇలా వేసుకో. పౌలు ఫిలిప్పీ సంఘానికి ఉత్తరంగా రాసిన ఫిలిప్పీయుల పత్రికలో 4 అధ్యాయాలే ఉన్నాయి. నాలుగు వారాలకు మాత్రమే కూటం అని మొదటే చెప్పు. అప్పుడు నాలుగో వారం ఆగితే పని పూర్తయినట్టే. వారానికి ఒక్కరోజు, ఒక్క గంట: ప్రార్థనకు, పాటకు 10 నిమిషాలు, అధ్యాయం రెండుసార్లు బిగ్గరగా చదవడానికి 15, మాట్లాడుకోవడానికి 25, చివరి ప్రార్థనకు 10. ప్రశ్నలు మూడు చాలు: క్రీస్తు గురించి ఇక్కడ ఏముంది, నన్ను ఏం చేయమంటోంది, ఏది అర్థం కాలేదు. ముగ్గురో నలుగురో ఉంటే చాలు. ఇద్దరే వచ్చినా సమయానికే మొదలుపెట్టు, రానివాళ్ళకు ఫోన్ చేసి నిలదీయకు.

కొత్తగా నడిపించేవాళ్ళ కూటాలు ఎక్కువగా పాడయ్యేది ఒకచోటే. ప్రశ్న అడుగుతారు, ఎవరూ మాట్లాడరు, కంగారుపడి తామే జవాబు చెప్పేస్తారు. రెండో వారానికి అందరికీ అది అలవాటై నోరు మెదపరు. అడిగాక మనసులో పది లెక్కపెట్టు. ఆ పది అంకెలు చాలా పొడవుగా అనిపిస్తాయి, ఓర్చుకో. సాధారణంగా ఎవరో ఒకరు గొంతు సవరించుకుంటారు. నీకు తెలియనిది అడిగితే, “తెలియదు, చూసి వచ్చే వారం చెబుతాను” అను. అంతకంటే మంచి జవాబు లేదు.

ఇంకొకటి. పెద్ద పరిచర్య మొదలవుతోందని ముందే అందరికీ ప్రకటించకు. మీ పాస్టర్ గారికి చెప్పి, ఆయన ప్రార్థనతో మొదలుపెట్టు. రాజు ముందుకు వెళ్ళబోయే ముందు ఎస్తేరు రాణి కూడా ఒంటరిగా ఉపవాసం ఉండలేదు, తోటివాళ్ళను అడిగింది. నువ్వూ ఒకరిద్దరిని అడుగు, కానీ షుగర్ మందులు వాడేవాళ్ళను ఉపవాసానికి పిలవకు, ప్రార్థన చాలు.

ఒకవేళ కుదరకపోతే, నాకు పిలుపు లేదని ఆ రాత్రే తీర్పు చెప్పుకోకు. నాలుగు రోజులు ఆగి సంఘ పెద్ద ఒకరితో అరగంట కూర్చో. సమయం కుదరలేదా, నేనే ఎక్కువ మాట్లాడానా, చోటు ఇరుకైందా అని వరుసగా చూడు. పిలుపు సంగతి ఆఖరున. పౌలు ఆసియ అనే ప్రాంతంలో వాక్యం చెప్పబోతే పరిశుద్ధాత్మ ఆటంకపరిచాడు. బితూనియకు వెళ్ళబోతే అక్కడికీ వెళ్ళనివ్వలేదు. ఆ రెండు తలుపులు మూసుకున్నాకే మాసిదోనియకు రమ్మనే దర్శనం, అక్కడి ఫిలిప్పీ పట్టణం (అపొస్తలుల కార్యములు 16). అక్కడ పని నది ఒడ్డున కూడిన కొందరు స్త్రీలతో మొదలైంది, తర్వాత దెబ్బలు, చెరసాల కూడా ఎదురయ్యాయి. నువ్వు చదవబోయే పత్రిక ఆ ఊరి సంఘానికి రాసిందే. మొదటి వారం అధ్యాయం తెరిచే ముందు ఈ సంగతి చెప్పు, ఐదు నిమిషాలు పడుతుంది.

వచ్చే ఆదివారం లోపు మొదటి కూటం తేదీ, నీ వెంట వచ్చే పూరా ఎవరో నాకు రాయి. మీ ఇద్దరి పేర్లూ పెట్టి ప్రార్థిస్తాను.

ప్రభువునందు,
నీ అన్న